స్లామ్ పాట (కాంట్రాక్ట్ బ్రిడ్జి)

కాంట్రాక్ట్ బ్రిడ్జి పేకాటలో ఉన్న 13 ట్రిక్కుల్లో 12 గాని, మొత్తం 13 గాని గెలుస్తామని ఆటకు ముందే పాడి, ఆ మాటకు కట్టుబడి ఆడటాన్ని స్లామ్ పాట అంటారు. 12 ట్రిక్కుల పాట స్మాల్ స్లామ్, 13 ట్రిక్కుల పాట గ్రాండ్ స్లామ్. నెగ్గితే పెద్ద బోనస్ వస్తుంది. ఒక్క ట్రిక్కు తగ్గినా ఆ బోనస్‌తో పాటు, చేతిలో ఉన్నట్టే అనిపించిన గేమ్ (స్లామ్ కన్నా చిన్న బోనస్ ఇచ్చే, తక్కువ ట్రిక్కుల పాట) బోనస్ కూడా పోతుంది. అందువల్ల స్లామ్ పాడాలా, గేమ్ దగ్గరే ఆగాలా అన్నది బ్రిడ్జి పాటలో కీలకమైన నిర్ణయాల్లో ఒకటి. ఈ నిర్ణయానికి పనికొచ్చే లెక్కలు, పద్ధతులు, వాటి చరిత్ర, తెలుగునాట ఈ ఆటతో ముడిపడిన భాషా విషయాలు, న్యాయ విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

నిర్వచనం, పరిభాష

బ్రిడ్జి నలుగురి ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. 52 ముక్కలు పంచితే తలా 13 వస్తాయి. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు అవుతుంది. ముక్కలు వేయడానికి ముందు వేలంపాట జరుగుతుంది. ఎన్ని ట్రిక్కులు గెలుస్తారో, ఏ రంగు తురుపో ఈ పాట తేలుస్తుంది. పాటలోని అంకెకు ఆరు కలిపితే గెలవవలసిన ట్రిక్కుల సంఖ్య వస్తుంది. ‘నాలుగు ఇస్పేట్లు’ అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు, ‘ఆరు ఇస్పేట్లు’ అంటే పన్నెండు, ‘ఏడు ఇస్పేట్లు’ అంటే పదమూడు. తురుపు లేకుండా ఆడే పాట నోట్రంప్. పాట నెగ్గిన జట్టులో ఒకరు డిక్లేరరు. ఆయన భాగస్వామి డమ్మీ. డమ్మీ ముక్కలు బల్ల మీద పరిచి ఉంటాయి, వాటిని కూడా డిక్లేరరే ఆడతాడు.

రంగులకు తెలుగులో ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అని పేర్లు. పాటలో వీటి హోదా కళావరు, డైమను, ఆటీను, ఇస్పేటు వరసలో పెరుగుతుంది. అన్నిటికీ పైన నోట్రంప్. మొదటి రెంటినీ మైనరు రంగులనీ, తరువాతి రెంటినీ మేజరు రంగులనీ అంటారు.

చరిత్ర

ట్రిక్కులన్నీ గెలవడాన్ని స్లామ్ అనడం బ్రిడ్జికి ముందున్న విస్ట్ ఆట నుంచి వచ్చింది. 20వ శతాబ్దం తొలినాళ్లలో ప్రాచుర్యం పొందిన ఆక్షన్ బ్రిడ్జిలో స్లామ్‌కు బోనస్ ఉండేది గాని, దాన్ని ముందుగా పాడనక్కర లేదు. తక్కువ పాడి 12 ట్రిక్కులు గెలిచినా ఆ బోనస్ దక్కేది. కాబట్టి స్లామ్ పాడాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టలేదు.

ఈ స్థితిని మార్చినవాడు అమెరికాకు చెందిన హెరాల్డ్ వాండర్‌బిల్ట్. 1925లో పనామా కాలువ మీదుగా సాగిన ఓడ ప్రయాణంలో ఆయన కొత్త స్కోరు పద్ధతిని పరీక్షించాడు. ఎంత పాడితే అంతకే గేమ్, స్లామ్ బోనస్‌లు వర్తిస్తాయన్నది దాని మూలసూత్రం. పాడిన మేరకే లెక్క అన్న ఆలోచన ఫ్రెంచి ఆట ప్లాఫోన్‌లో అప్పటికే ఉంది. వాండర్‌బిల్ట్ దానికి పెద్ద స్లామ్ బోనస్‌లను, వల్నరబిలిటీ అనే స్థితిని జోడించాడు. వల్నరబుల్‌గా ఉన్న జట్టుకు లాభమూ ఎక్కువే, నష్టమూ ఎక్కువే. ఈ మార్పులతో కాంట్రాక్ట్ బ్రిడ్జి స్థిరపడింది. కొద్ది ఏళ్లలోనే ఆక్షన్ బ్రిడ్జి వెనుకబడింది.

స్లామ్‌ను ముందే పాడవలసి రావడంతో దాన్ని పసిగట్టే పద్ధతులు అవసరమయ్యాయి. ఈలీ కల్బర్ట్‌సన్ 1929లో ‘ది బ్రిడ్జ్ వరల్డ్’ పత్రికను ప్రారంభించి పాట పద్ధతులను విస్తృతంగా ప్రచారం చేశాడు. ఆసులను అడిగే బ్లాక్‌వుడ్ పద్ధతిని 1930ల్లో ఈజ్లీ బ్లాక్‌వుడ్ రూపొందించాడు. చేతి బలాన్ని పాయింట్లలో కొలిచే విధానాన్ని మిల్టన్ వర్క్, ఆ తరువాత చార్లెస్ గోరెన్ జనంలోకి తీసుకెళ్లారు.

లాభనష్టాల లెక్క

అన్ని బల్లల దగ్గరా అవే చేతులు ఆడే డూప్లికేట్ బ్రిడ్జిలో స్మాల్ స్లామ్‌కు వల్నరబుల్ కాని జట్టుకు 500, వల్నరబుల్ జట్టుకు 750 బోనస్. గ్రాండ్ స్లామ్‌కు ఇవి 1000, 1500. వీటికి తోడు గేమ్ బోనస్ 300 లేదా 500, ట్రిక్కుల విలువ కలుస్తాయి. మేజరు రంగులో ఆరుకు పైబడిన ప్రతి ట్రిక్కుకు 30, మైనరులో 20. నోట్రంప్‌లో మొదటిదానికి 40, తరువాత ఒక్కోదానికి 30.

వల్నరబుల్ జట్టుకు ఇస్పేటు తురుపుతో 12 ట్రిక్కులు వచ్చాయనుకుంటే, ఆరు పాడి ఉంటే 1430, నాలుగే పాడి ఉంటే 680. పాడినందుకు దక్కే లాభం 750. అదే చేతిలో 11 ట్రిక్కులే వస్తే నాలుగు పాడినవారికి 650 వస్తుంది, ఆరు పాడినవారికి 100 పోతుంది. నష్టం కూడా 750. వల్నరబుల్ కాకపోతే రెండు వైపులా తేడా 500. లాభనష్టాలు సమానం కాబట్టి, నెగ్గే అవకాశం 50 శాతానికి మించితే స్మాల్ స్లామ్ పాడటం గిట్టుబాటు.

గ్రాండ్ స్లామ్ లెక్క వేరు. వల్నరబుల్ జట్టు ఏడు ఇస్పేట్లు పాడి నెగ్గితే 2210. ఆరే పాడి 13 ట్రిక్కులు గెలిస్తే 1460. అదనపు లాభం 750 మాత్రమే. ఏడు పాడి ఒక్క ట్రిక్కు పోగొట్టుకుంటే 100 పోవడమే కాక, ఆరు పాడి ఉంటే దక్కే 1430 కూడా పోతుంది. మొత్తం తేడా 1530. పాయింట్ల లెక్కన చూస్తే గ్రాండ్ స్లామ్‌కు సుమారు మూడింట రెండు వంతుల అవకాశం, అంటే 67 శాతం కావాలి.

జట్ల పోటీల్లో పాయింట్ల తేడాను ఐఎంపీలుగా (ఇంటర్నేషనల్ మ్యాచ్ పాయింట్లుగా) మారుస్తారు. 750 తేడా 13 ఐఎంపీలు, 500 తేడా 11, 1530 తేడా 17. ఈ కొలతలో గ్రాండ్ స్లామ్‌కు కావలసిన అవకాశం 56–57 శాతానికి తగ్గుతుంది. అయితే ఈ అంకె అవతలి బల్ల దగ్గర ప్రత్యర్థులు ఆరైనా పాడతారన్న ఊహ మీద ఆధారపడింది. వారు గేమ్ దగ్గరే ఆగే వీలుంటే ఆరు పాడినా మంచి లాభమే. అప్పుడు ఏడుకు వెళ్లడానికి మరింత నమ్మకం అవసరం.

చేతి విలువ కట్టడం

ఎక్కువగా వాడే కొలతలో ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 పాయింటు. పేకలో మొత్తం 40. రెండు చేతులూ సమంగా పరుచుకున్న నోట్రంప్ చేతులైతే స్మాల్ స్లామ్‌కు 33, గ్రాండ్ స్లామ్‌కు 37 పాయింట్లు కావాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. దీని వెనుక సరళమైన కారణం ఉంది. ఒక జట్టుకు 33 ఉంటే ప్రత్యర్థులకు మిగిలేవి ఏడే. రెండు ఆసులకు ఎనిమిది కావాలి కాబట్టి ఆ రెండూ వారి దగ్గర ఉండవు. 37 ఉంటే వారికి మిగిలేవి మూడు, అంటే ఒక్క ఆసు కూడా ఉండదు.

తురుపు పాటల్లో పాయింట్లు ఒక్కటే చాలవు. పొడవైన రంగు, ఒకే ముక్క ఉన్న రంగు (సింగిల్టన్), అసలు ముక్కే లేని రంగు (వాయిడ్) ట్రిక్కులను పెంచుతాయి. భాగస్వామికి ఒకే ముక్క ఉన్న రంగులో మన రాజు, రాణి వృథా అవుతాయి. అదే రంగులో మనకు చిన్న ముక్కలుంటే వాటిని ఆయన తురుపుతో కోయవచ్చు. అందువల్ల పాయింట్లు ఎన్ని అన్నదానితో పాటు అవి ఏ రంగులో ఉన్నాయన్నదీ చూడాలి. పోయే ట్రిక్కులను లెక్కించే లూజింగ్ ట్రిక్ కౌంట్ అనే మరో పద్ధతి కూడా ఉంది. ఇందులో రెండు చేతుల్లోని లోట్లను కలిపి 24 నుంచి తీసివేస్తారు. మిగిలినది రాగల ట్రిక్కుల అంచనా.

సంభావ్యత

స్లామ్ అవకాశాన్ని అంచనా వేయడానికి, ప్రత్యర్థుల మధ్య ముక్కలు ఎలా చీలుతాయో తెలియాలి. కనిపించని ముక్కలు ఐదైతే 3–2గా చీలే అవకాశం సుమారు 68 శాతం, 4–1గా 28, 5–0గా 4. ముక్కలు నాలుగైతే 3–1 చీలిక 50 శాతం, 2–2 చీలిక 41, 4–0 చీలిక 10. ఆరైతే 4–2 చీలిక 48, 3–3 చీలిక 36 శాతం. బేసి సంఖ్యలో ముక్కలు మిగిలితే అవి వీలైనంత సమంగా చీలడం సాధారణం. సరి సంఖ్యలో మిగిలితే, రెండే ముక్కలున్న సందర్భం తప్ప, సమంగా చీలకపోవడమే ఎక్కువ.

ఒక పెద్ద ముక్క ఏ వైపు ఉందో దాని మీద ఆధారపడే ఎత్తును ఫినెస్ అంటారు. దాని అవకాశం 50 శాతం. ఒక్క ఫినెస్ మీద నిలిచిన స్మాల్ స్లామ్ సరిగ్గా గిట్టుబాటు గీత మీద ఉంటుంది. రెండు ఫినెస్‌లూ నెగ్గాలంటే అవకాశం సుమారు 25 శాతం, రెంటిలో ఒకటి నెగ్గితే చాలంటే సుమారు 75. ఫినెస్ నెగ్గడంతో పాటు ఒక రంగు 3–2గా కూడా చీలాలంటే సుమారు 34 శాతమే. అలాంటి స్లామ్ పాడకూడదు.

పాటలో సమాచార పద్ధతులు

*బలం, కంట్రోళ్లు.* స్లామ్‌కు రెండు షరతులు ఉంటాయి. 12 ట్రిక్కులు వచ్చే బలం ఉండాలి. ప్రత్యర్థులు మొదట్లోనే రెండు ట్రిక్కులు లాగేసుకోకుండా ప్రతి రంగులో అదుపు ఉండాలి. ఆసు గాని, వాయిడ్ గాని మొదటి రౌండు కంట్రోలు. రాజు గాని, సింగిల్టన్ గాని రెండో రౌండు కంట్రోలు.

*క్యూ బిడ్.* తురుపు రంగు కుదిరాక, ఇంకో రంగు పాడి ఆ రంగులో కంట్రోలు ఉందని తెలపడం. మధ్యలో ఒక రంగును దాటి పాడితే అక్కడ కంట్రోలు లేదని అర్థం. దాటిన రంగులో భాగస్వామికీ కంట్రోలు లేకపోతే గేమ్ దగ్గర ఆగుతారు.

*బ్లాక్‌వుడ్.* నాలుగు నోట్రంప్ పాడి భాగస్వామికి ఎన్ని ఆసులున్నాయో అడగడం. ఐదు కళావర్లు అంటే ఏమీ లేవు, లేదా నాలుగూ ఉన్నాయి. ఐదు డైమన్లు ఒకటి, ఐదు ఆటీన్లు రెండు, ఐదు ఇస్పేట్లు మూడు. నేడు పోటీల్లో ఎక్కువమంది రోమన్ కీ కార్డ్ రూపాన్ని వాడతారు. ఇందులో నాలుగు ఆసులకు తురుపు రాజును చేర్చి ఐదు కీ కార్డులుగా లెక్కిస్తారు. తురుపు రాణి ఉందో లేదో కూడా తెలుసుకోవచ్చు. అడిగిన వ్యక్తే తుది నిర్ణయం తీసుకుంటాడు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. చేతిలో వాయిడ్ ఉన్నవారు అడిగితే భాగస్వామి ఆసు ఏ రంగుదో తెలియక జవాబు ఉపయోగపడదు. ఏదో ఒక రంగులో రెండు చిన్న ముక్కలే ఉంటే, ఆసుల సంఖ్య తెలిసినా ఆ రంగులో రెండు ట్రిక్కులు పోతాయో లేదో తెలియదు. అలాంటి చేతుల్లో క్యూ బిడ్ మేలు. బ్లాక్‌వుడ్ ముఖ్య ప్రయోజనం స్లామ్ వెతకడం కాదు, రెండు ఆసులు లేని స్లామ్‌ను తప్పించడం.

*గెర్బర్.* నోట్రంప్ పాట తరువాత నాలుగు కళావర్లు పాడి ఆసులను అడగడం. 1938లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ గెర్బర్ పేరు దీనికి వచ్చింది.

*స్ప్లింటర్.* భాగస్వామి పాడిన రంగుకు మద్దతు తెలుపుతూ, వేరే రంగులో అసాధారణంగా ఎత్తుకు దూకి పాడటం. ఆ రంగులో సింగిల్టన్ గాని వాయిడ్ గాని ఉందని దీని అర్థం.

*గ్రాండ్ స్లామ్ ఫోర్స్.* తురుపు కుదిరాక ఐదు నోట్రంప్ పాడి, తురుపులోని ఆసు, రాజు, రాణిలలో రెండు ఉంటే ఏడు పాడమని కోరడం. దీనికి కల్బర్ట్‌సన్ భార్య జోసఫీన్ పేరు కూడా వాడుకలో ఉంది.

ఉదాహరణ

ఎదురెదురుగా కూర్చున్న భాగస్వాములను దక్షిణం, ఉత్తరం అందాం. దక్షిణం చేయి: ఇస్పేటు ఆసు, రాజు, 8, 6, 4, ఆటీను రాజు, 5, డైమను 9, 7, 3, కళావరు ఆసు, జాకీ, 4. మొత్తం 15 పాయింట్లు.

ఉత్తరం చేయి: ఇస్పేటు రాణి, జాకీ, 7, 5, ఆటీను ఆసు, రాణి, 6, 3, డైమను 4, కళావరు రాజు, 10, 8, 2. మొత్తం 12 పాయింట్లు.

దక్షిణం ఒక ఇస్పేటు పాడితే, ఉత్తరం నాలుగు డైమన్లని స్ప్లింటర్ పాడుతుంది. తన డైమను చిన్న ముక్కలు మూడూ ఇప్పుడు బలమని దక్షిణానికి తెలుస్తుంది. ఒక డైమను ట్రిక్కు పోతుంది, మిగతా రెంటినీ ఉత్తరం తురుపుతో కోయవచ్చు. దక్షిణం నాలుగు నోట్రంప్ అడిగితే ఒక కీ కార్డు ఉందని జవాబు వస్తుంది. ఐదింటిలో లేనిది ఒక్కటే కాబట్టి దక్షిణం ఆరు ఇస్పేట్లు పాడుతుంది. దక్షిణం తురుపులు ఐదు, ఉత్తరం కోతలు రెండు, ఆటీనులో మూడు, కళావరులో రెండు కలిపి 12 ట్రిక్కులు. మూడో కళావరు ఆటీను రాణి మీద పారేయవచ్చు. తురుపులు మరీ వికటంగా చీలితే తప్ప పాట నెగ్గుతుంది. రెండు చేతులవీ కలిపి 27 పాయింట్లే.

దక్షిణం డైమను, కళావరు ముక్కలను మాత్రం మార్చి చూస్తే, డైమను రాజు, రాణి, 3. కళావరు 9, 7, 4. పాయింట్లు మళ్లీ 15. స్ప్లింటర్ విన్న వెంటనే డైమను రాజు, రాణి విలువ తగ్గిందని దక్షిణానికి తెలుస్తుంది. డైమను ఆసు, కళావరు ఆసు రెండూ ప్రత్యర్థుల దగ్గరే ఉన్నాయి, ఆరు పాడితే ఓటమి ఖాయం. దక్షిణం నాలుగు ఇస్పేట్ల దగ్గర ఆగడమే సరి. పాయింట్ల మొత్తం మారకుండానే నిర్ణయం మారింది.

ప్రత్యర్థుల పాత్ర

ప్రత్యర్థులు ముందుగానే ఎత్తుకు పాడి, స్లామ్ వెతికే జట్టుకు సమాచారం ఇచ్చిపుచ్చుకునే చోటు లేకుండా చేస్తారు. స్లామ్ పాడాక, దానికంటే ఎత్తైన పాట పాడి ఓడిపోయే త్యాగం కూడా ఉంది. వల్నరబుల్ కాని జట్టుకు డబుల్ (ఓడిస్తామని ప్రత్యర్థులు పందెం పెంచే పాట) మీద పాడినదానికంటే ఆరు ట్రిక్కులు తగ్గితే 1400 పోతుంది. ప్రత్యర్థులకు 1430 ఇవ్వడం కంటే అది 30 తక్కువ.

తనకు వాయిడ్ ఉన్న రంగు వేయాలని భాగస్వామిని కోరుతూ ఇచ్చేది లైట్నర్ డబుల్. థియోడర్ లైట్నర్ రూపొందించిన ఈ పద్ధతిలో, స్లామ్ మీద డబుల్ అంటే మామూలు ముక్క కాకుండా అసాధారణమైన ముక్కతో ఆట మొదలుపెట్టమని అర్థం.

నియమాలు, మర్యాద

స్లామ్ వెతికే పాటల్లో ఆలోచనకు సమయం పడుతుంది. ఆ తడబాటే భాగస్వామికి సమాచారమయ్యే ప్రమాదం ఉంది. డూప్లికేట్ బ్రిడ్జి నియమావళిలోని 16వ నియమం అనధికారిక సమాచారాన్ని వాడుకోవడాన్ని నిషేధిస్తుంది. ఒకరు చాలాసేపు ఆలోచించి ఐదు దగ్గర ఆగినప్పుడు, ఆ తడబాటు సూచన మీద భాగస్వామి ఆరుకు వెళ్లకూడదు. మాట్లాడకుండా పాడేందుకు బిడ్డింగ్ పెట్టెలను, పెద్ద పోటీల్లో భాగస్వాములు ఒకరికొకరు కనిపించకుండా బల్లకు అడ్డంగా తెరలను వాడతారు.

ప్రసిద్ధ సందర్భం: 1975 బెర్ముడా బౌల్

1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ జట్ల పోటీ ఫైనల్లో ఇటలీ, ఉత్తర అమెరికా తలపడ్డాయి. చివరి దశలో ఇటలీ ఆటగాళ్లు జార్జియో బెల్లడోన్నా, బెనిటో గరోజ్జో ఏడు కళావర్లు పాడారు. తురుపు రాజు వారి దగ్గర లేదు. అది సరైన వైపున, ఒకే ఒక ముక్క తోడుగా ఉంటే తప్ప నెగ్గలేని పాట. లెక్క ప్రకారం పాడకూడని గ్రాండ్ స్లామ్. రాజు ఉత్తర అమెరికా ఆటగాడు ఎడ్డీ కాంటార్ చేతిలో సరిగ్గా అలాగే ఉంది. పాట నెగ్గింది, కప్పు ఇటలీకి దక్కింది. ఫలితం బాగుండటానికీ నిర్ణయం సరైనదవడానికీ తేడా ఉందనడానికి ఈ చేతిని ఉదాహరణగా చూపుతారు.

తెలుగునాట: పేర్లు, నరసాపురం ప్రాంతం

గోదావరి డెల్టాలో పేకాట అంటే చాలామందికి పదమూడు ముక్కల రమ్మీ (చూ. రమ్మీ). బ్రిడ్జిలో కూడా చేతికి పదమూడు ముక్కలే. చేయి అందగానే ఆడాలా, నిర్ణీత పాయింట్లు పోగొట్టుకుని తప్పుకోవాలా అని రమ్మీ ఆటగాడు తేల్చుకునే డ్రాప్ కూడా గిట్టుబాటు లెక్కే. అయితే దాన్ని ఒక్కడే తేల్చుకుంటాడు, స్లామ్‌ను ఇద్దరు కలిసి తేల్చుకోవాలి.

రంగుల తెలుగు పేర్లు యూరోపియన్ వర్తకుల కాలాన్ని గుర్తుచేస్తాయి. కళావరు డచ్చి మాట ‘క్లావర్’కు, ఆటీను డచ్చి ‘హార్టెన్’కు, ఇస్పేటు పోర్చుగీసు ‘ఎస్పాదా’కు దగ్గరగా ఉన్నాయి. డచ్చివారు పాలించిన సింహళ తీరంలో కూడా ‘కలాబర’ అనే మాట నిలిచింది. నరసాపురానికి దగ్గరలోని పాలకొల్లులో డచ్చివారు 17వ శతాబ్దం తొలినాళ్లలో వర్తక స్థావరం పెట్టారు. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం ఆ శతాబ్దంలో ఓడల నిర్మాణానికి పేరుపొందింది. పక్కనే మాధవాయపాలెంలో ఇంగ్లీషువారి స్థావరం ఉండేది. ‘తురుపు ముక్క’, ‘బేస్తు పడటం’ అన్నవి పేకాట నుంచి నిత్య వ్యవహారంలోకి వచ్చిన మాటలు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో మధురవాణి ఇంట పేకాడే రంగం ఉంది.

చట్టం దృష్టిలో: నైపుణ్యమా, అదృష్టమా

పేకాటలో నైపుణ్యం పాలు ఎంత అన్నది తెలుగునాట నుంచే సుప్రీంకోర్టుకు చేరింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడించడంపై నడిచిన ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె.సత్యనారాయణ’ కేసులో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. జస్టిస్ ఎం.హిదయతుల్లా రాసిన ఈ తీర్పు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తేల్చింది. ముక్కలు పంచడంలో రమ్మీకి ఉన్న అదృష్టం పాలు బ్రిడ్జిలో ఉన్న పాలు వంటిదేనని పోల్చింది. అంటే బ్రిడ్జి నైపుణ్య క్రీడ అన్న సంగతిని కోర్టు కొలబద్దగా తీసుకుంది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంలోని 15వ సెక్షను నైపుణ్య క్రీడలను చట్టం పరిధి నుంచి మినహాయించింది.

డూప్లికేట్ పోటీల్లో అదృష్టం పాలు ఇంకా తగ్గుతుంది. అన్ని బల్లల దగ్గరా అవే చేతులు ఆడతారు. మంచి ముక్కలు రావడం కాదు, అవే ముక్కలతో ఎవరు స్లామ్ పాడారు, ఎవరు ఆగారు అన్నదే స్థానాలను నిర్ణయిస్తుంది.

భారతదేశంలో పోటీ బ్రిడ్జి

ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య 1958లో ఏర్పడింది. 2015లో బెర్ముడా బౌల్‌తో కూడిన ప్రపంచ జట్ల పోటీలు చెన్నైలో జరిగాయి. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిని తొలిసారి పతక క్రీడగా చేర్చారు. పురుషుల జంటల విభాగంలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం గెలిచారు. పురుషుల జట్టుకు, మిశ్రమ జట్టుకు కాంస్యాలు వచ్చాయి. కాంస్యం గెలిచిన మిశ్రమ జట్టులో బాచిరాజు సత్యనారాయణ సభ్యుడు. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో భారత పురుషుల జట్టు రజతం సాధించింది.